ఒడ్డు దగ్గర పడవ నిలపాలి: ఏ లంగరు, ఎంత గొలుసు, ఎంత తాడు?

ఒడ్డుపడవ

అందరికీ నమస్కారం. నాది 5.5 మీటర్ల ఫైబర్ పడవ, వెనుక ఔట్‌బోర్డ్ ఇంజన్. ఇంధనం, సామాను కలుపుకున్నా 700 కేజీలు దాటదు. ఇన్నాళ్లూ ట్రైలర్ మీద తెచ్చి దింపుకుని, పని అయ్యాక మళ్లీ ఎక్కించుకుని వెళ్తున్నాను. ఈసారి సీజను మొత్తం నీటిలోనే ఉంచాలని ఉంది.

చోటు వివరాలు: ఆటు పూర్తిగా తీసినప్పుడు నీటి అంచు ఎక్కడ ఉంటుందో అక్కడి నుంచి 40 మీటర్ల దూరం. ఆటులో లోతు 1.5 మీటర్లు. అమావాస్య, పౌర్ణమి పోట్లలో 4 మీటర్ల దాకా వస్తుంది. అడుగు ఇసుకలా కనిపిస్తోంది. గాలి ఎక్కువగా నీటి మీది నుంచి ఒడ్డుకే వీస్తుంది. వారంలో చాలా రోజులు పడవ దగ్గర ఎవరూ ఉండరు.

నా ముందు మూడు దారులున్నాయి. నా దగ్గరున్న 8 కేజీల డాన్‌ఫోర్త్ లంగరుకే పొడవైన తాడు కట్టడం ఒకటి. 200 కేజీల కాంక్రీటు దిమ్మ పోసి ముంచడం రెండోది. ముందొక లంగరు, వెనుకొక లంగరు వేసి పడవను కదలకుండా బిగించడం మూడోది. ఏది మేలు?

తెరచాప

ముందు ఒక విషయం తేల్చుకుందాం. మనం పడవలో ఉండగా కొన్ని గంటలు లంగరు వేయడం వేరు, పడవను ఒంటరిగా వారాల తరబడి వదిలేయడం వేరు. మొదటి దానిలో లంగరు జారితే మనం చూస్తాం, ఇంజన్ వేస్తాం, మళ్లీ వేసుకుంటాం. రెండో దానిలో చూసేవాళ్లు లేరు. అందుకే ఒకదానికి సరిపోయేది రెండోదానికి సరిపోదు.

ఇప్పుడు మీ మొదటి దారి లెక్క చూడండి. లంగరును పట్టి ఉంచేది దాని బరువు కాదు, లాగుడు ఏ కోణంలో వస్తోందన్నది. లాగుడు నేలకు సమాంతరంగా ఉంటే రెక్కలు ఇంకా లోపలికి దిగుతాయి. పైకి వచ్చేకొద్దీ అదే లాగుడు లంగరును పెకలిస్తుంది. తాడు పొడవు లోతుకు మూడింతలే ఉంటే, తాడు బిగిసినప్పుడు నేలతో దాదాపు 19 డిగ్రీల కోణం చేస్తుంది. ఐదింతలైతే 11న్నర. ఏడింతలైతే 8. పదింతలైతే 6 లోపు. మామూలు గాలికి ఏడింతలు అన్న మాట ఈ లెక్కలోంచే వచ్చింది.

లోతు అంటే నీటి లోతు ఒక్కటే కాదు. పెద్ద పోటులో లోతు, దానికి నీటి మట్టం నుంచి పడవ మొన ఎత్తు కలపాలి. మీకు 4 మీటర్లు, మొన ఎత్తు 0.8 అనుకుంటే 4.8. దానికి ఏడింతలు దాదాపు 34 మీటర్లు. పడవ పొడవు 5.5 కలిపితే, లంగరు చుట్టూ పడవ తిరిగే వృత్తం వ్యాసార్థం 39 మీటర్లు దాటుతుంది. మీరేమో నీటి అంచుకు 40 మీటర్ల దూరంలో వేస్తానంటున్నారు, గాలేమో ఒడ్డుకు వీస్తోంది. ఆటు తీసిన ప్రతిసారీ పడవ ఇసుక మీద కూర్చుంటుంది. ఒక్కో అలకూ అడుగు నేలకు కొట్టుకుంటుంది. తాడు తగ్గిస్తే నేలను తాకదు కానీ లంగరు జారుతుంది. ఈ చోటులో ఒక లంగరు, ఒక పొడవు తాడు అనేది పనికిరాదు.

కొత్తతెడ్డు

ఈ లెక్క చదివాక నాకూ ఒక సందేహం. గొలుసు వేసుకుంటే అంత పొడవు అక్కర్లేదంటారు కదా? దాని బరువుకే అడుగున పడి ఉంటుంది, లాగుడు సమాంతరంగానే ఉంటుంది అని చదివాను.

గొలుసుకట్టు

అది సగం నిజం. గాలి తక్కువగా ఉన్నప్పుడు గొలుసు అడుగున వంపు తిరిగి పడి ఉంటుంది, లంగరు దాకా లాగుడే చేరదు. గాలి పెరిగేకొద్దీ గొలుసు నేల మీది నుంచి ఒక్కో కడీ లేస్తుంది. లోతు తక్కువైన చోట వేలాడే గొలుసు కొద్దిగానే ఉంటుంది కాబట్టి అది త్వరగా తీగలా బిగిసిపోతుంది. ఆ తర్వాత ప్రతి అలా నేరుగా లంగరును కుదుపుతుంది. నాలుగు మీటర్ల నీటిలో గొలుసు బరువును నమ్ముకుని పొడవు తగ్గించడం నాకు నచ్చదు.

అయితే గొలుసు వేరే పనికి కావాలి. అడుగున ఇసుక, రాయి, గవ్వల రాపిడికి తాడు కొన్నాళ్లకే పీచులు పీచులుగా లేస్తుంది, గొలుసు తట్టుకుంటుంది. అందుకే నేలను తాకే భాగమంతా గొలుసు, పైన కుదుపును మింగడానికి కొంత నైలాన్ తాడు. నైలాన్ సాగుతుంది, అదే దాని గుణం. పాలీప్రొపిలీన్ తాడు మాత్రం వేయకండి. అది నీటి మీద తేలుతుంది, ఎవరి ప్రొపెల్లర్‌కో చుట్టుకుంటుంది, ఎండకు పెళుసుబారుతుంది.

రేవుకాపరి

నా పనే పడవలు నిలిపే బోయాలు (లంగరు గొలుసుకు కట్టి నీటి మీద తేలేవి) వేయడం, తీయడం, గొలుసులు మార్చడం. రెండో దారి గురించి నేను చెప్తాను, ఎందుకంటే కాంక్రీటు దిమ్మ అనగానే అందరికీ ధైర్యం వస్తుంది. 200 కేజీలు, మనుషులు ఎత్తలేరు, ఇక ఎక్కడికి పోతుంది అనుకుంటారు.

కాంక్రీటు ఘనపు మీటరు సుమారు 2400 కేజీలు. సముద్రపు నీరు 1025. అంటే నీటిలో దించగానే దిమ్మ బరువులో 43 శాతం దాకా పోతుంది. మీ 200 కేజీల దిమ్మ నీటి అడుగున 115 కేజీలే తూగుతుంది. అదే ఇనుమైతే 174 దాకా నిలుస్తుంది. ఇక్కడితో అయిపోలేదు. దిమ్మ నేలలో పాతుకోదు, రాపిడి మీదే నిలబడుతుంది. ఇసుక మీద ఆ రాపిడిని నీటిలోని బరువులో సగంగా తీసుకుందాం. 57 కేజీల అడ్డు లాగుడుకు దిమ్మ జరగడం మొదలుపెడుతుంది. అల పైకి లాగినప్పుడు అది కూడా ఉండదు.

ఎదురుగా గాలి ఎంత లాగుతుందో చూడండి. అమెరికాలో పడవల ప్రమాణాలు రాసే ఏబీవైసీ పట్టికలో 20 అడుగుల పడవకు 30 నాట్ల గాలిలో 360 పౌండ్లు, అంటే 163 కేజీలు. 42 నాట్లకు 720 పౌండ్లు, 327 కేజీలు. మీ పడవ 18 అడుగులు కాబట్టి కొంచెం తగ్గించుకోండి. అయినా 57 ఎక్కడ, 163 ఎక్కడ! గాలి వేగం రెట్టింపైతే లాగుడు నాలుగింతలవుతుందని గుర్తుపెట్టుకోండి. 30 నాట్లంటే గంటకు 55 కిలోమీటర్లు. అది తుపాను గాలి కాదు, ఉరుముల వాన ముందు వచ్చే ఈదురుగాలికే ఆ వేగం ఉంటుంది.

ఒక్క దిమ్మతోనే 163 కేజీలు ఆపాలంటే గాలిలో 570 కేజీల కాంక్రీటు కావాలి. అది క్రేను, బార్జి పని.

ఒడ్డుపడవ

రేవుకాపరి గారూ, ఇంత వివరంగా చెప్పినందుకు ధన్యవాదాలు. దిమ్మ ఆలోచన వదిలేశాను. మరి మూడో దారి? ముందూ వెనుకా కట్టేస్తే పడవ తిరగదు కదా, ఒడ్డుకు తగలడం అనే సమస్యే ఉండదు.

తెరచాప

ఇరుకు కాలవలో, గాలి ఎప్పుడూ ఒకే వరసలో ఉండే చోట అది చేస్తారు. తెరిచి ఉన్న ఒడ్డున, మనిషి లేని పడవకు వద్దు. పడవ మొన నుంచి కట్టి ఉంటే గాలికీ అలకూ తానే ఎదురు తిరుగుతుంది. మొన ఎత్తుగా, సన్నగా ఉంటుంది, అల రెండుగా చీలిపోతుంది. రెండు వైపులా కట్టేస్తే గాలి పక్క నుంచి వచ్చిన రోజు పడవ మొత్తం పొడవు మీద లాగుడు పడుతుంది, లంగర్ల మీద భారం ఎన్నో రెట్లు పెరుగుతుంది.

అల వెనుక నుంచి వస్తే ఇంకా ప్రమాదం. ఔట్‌బోర్డ్ పడవకు వెనుక గోడ పొట్టిది, దాని మీద ఇంజన్ బరువు. వెనుక వైపు తాడు బిగిసి ఉంటే ఆ గోడ అలతో పాటు పైకి లేవలేదు, నీళ్లు నేరుగా లోపలికి దూకుతాయి. ఒక్క అల నిండితే వెనుక ఇంకా కిందికి దిగుతుంది, రెండో అల పని ముగిస్తుంది. కొత్తగా పడవ కొన్నవాళ్లందరికీ ఇది చెప్తాను: పనికి అడ్డం లేకుండా ఉంటుందని వెనుక నుంచి లంగరు వేయకండి, ఐదు నిమిషాలకైనా సరే.

నీటిఅడుగు

ఇంతసేపూ లంగరు గురించే మాట్లాడుతున్నాం, నేల గురించి ఎవరూ అడగలేదు. నేను నీటి అడుగున పనిచేసేవాణ్ని. పైనుంచి ఇసుకలా కనిపించే చోట్లలో చాలా వాటికి జానెడు ఇసుక కిందే రాతి పలక ఉంటుంది. ఏ లంగరైనా అక్కడ గీరుకుంటూ పోతుంది.

ఒడ్డుపడవ గారూ, మీ చోట ఆటులో లోతు 1.5 మీటర్లే. ప్రవాహం లేని సమయంలో, ఇంకొక మనిషిని తోడు పెట్టుకుని, రెండున్నర మీటర్ల ఇనుప కడ్డీతో అడుగును పొడిచి చూడండి. ఒకచోట కాదు, మీరు అనుకున్న మధ్య బిందువు చుట్టూ పది మీటర్ల దాకా. కడ్డీ టంగుమని ఆగితే రాయి. కరకరలాడుతూ దిగితే ఇసుక. మెత్తగా దిగి, తీసేటప్పుడు పట్టుకుంటే బంకమన్ను. ఏ పట్టూ లేకుండా జారిపోతే పలుచటి ఒండ్రు.

లోతు ఎక్కువున్న చోట పాతకాలపు నావికుల పద్ధతి ఇప్పటికీ పనిచేస్తుంది. సీసపు గుండు అడుగున చిన్న గుంట ఉంటుంది, దానిలో కొవ్వు నింపి దించేవారు. గ్రీజు అయినా చాలు. గుండు పైకి లాగితే అడుగు నేల నమూనా దానికి అంటుకుని వస్తుంది. ఏమీ అంటకుండా గ్రీజు మీద నొక్కుడు మాత్రమే పడితే కింద రాయి ఉన్నట్టు.

అడుగున పగడపు దిబ్బ గానీ, సముద్రపు గడ్డి గానీ ఉంటే ఆ చోటు వదిలేయండి. గొలుసు పక్కలకు ఊడుస్తూ తిరిగిన మేర గడ్డి గుండ్రంగా బోడి అయిపోతుంది, తిరిగి మొలవడానికి ఏళ్లు పడుతుంది. చేపపిల్లలు పెరిగేది ఆ గడ్డిలోనే.

కొత్తతెడ్డు

నేలను బట్టి ఏ లంగరు వాడాలో ఎవరైనా కాస్త చెప్తారా? కొట్లో చూస్తే పది రకాలున్నాయి.

గొలుసుకట్టు

డాన్‌ఫోర్త్ అంటే రెండు పలుచని వెడల్పాటి రెక్కలున్నది. ఇసుకలో, గట్టి బురదలో తన బరువుకు మించి పట్టుకుంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఒడ్డెక్కిన ల్యాండింగ్ నౌకలు తమను తాము వెనక్కి లాక్కోవడానికి ఈ రకాన్నే వాడాయి. దాని బలహీనత ఏమిటంటే గాలి ఎదురు దిక్కుకు మారినప్పుడు పెకలి వస్తుంది, రెక్కల మధ్య ఒక రాయో గవ్వో ఇరుక్కుంటే మళ్లీ నాటుకోదు. గడ్డి మీద జారిపోతుంది.

నాగలి రకం 1933లో భౌతిక శాస్త్రవేత్త జి.ఐ. టేలర్ రూపొందించిన సీక్యూఆర్‌తో మొదలైంది. దిక్కు మారినా నేలలోనే తిరుగుతుంది. 1970లలో వచ్చిన బ్రూస్ మూడు వేళ్ల పంజాలా ఉంటుంది. రాళ్లలో సులువుగా తగులుకుంటుంది, మెత్తని నేలలో దాని బరువుకు తగ్గ పట్టు రాదు. ఈ తరం లంగర్లలో, రోక్నా లాంటి వాటిలో, పుటాకారపు రెక్క, పైన వంపు కడ్డీ ఉంటాయి. ఎలా పడినా ఆ కడ్డీ దాన్ని సరైన వైపుకు దొర్లిస్తుంది. పడవలో తోడు పెట్టుకోవడానికి ఒక్కటే కొనాలంటే నేను దీన్నే కొంటాను.

నాలుగు కొక్కేల గ్రాప్నెల్ ఉంది చూశారూ, బావిలో పడిన చేదను తీసే పాతాళగరిగ లాంటిది, అది రాళ్ల మధ్య కాసేపు ఆగడానికే. ఇసుకలో దానికి పట్టే లేదు. మడిచి పెట్టుకోవచ్చని చిన్న పడవలవాళ్లు అదే కొంటారు, అది చూస్తే నాకు బాధేస్తుంది.

రేవుకాపరి

శాశ్వతంగా వేసే వాటిలో పుట్టగొడుగు లంగరు పేరు కూడా చెప్పాలి. స్కాట్లాండ్‌లో బెల్ రాక్ దీపస్తంభం కడుతున్నప్పుడు, 1807 నుంచి 1810 వరకు అక్కడ నిలిపిన తేలే దీపపు నౌక కోసం రాబర్ట్ స్టీవెన్సన్ దీన్ని తయారుచేయించాడు. ఒండ్రులో నెమ్మదిగా కూరుకుని, పైన మట్టి పేరుకున్నాక గొప్పగా పట్టుకుంటుంది. కానీ ఆ కూరుకోవడానికి నెలలు పడుతుంది. ఈ సీజనుకు వేసి ఈ సీజనులోనే నమ్మేది కాదు, ఇసుకలో అసలు పనికిరాదు.

నన్నడిగితే మర లంగరు అన్నిటికన్నా మేలు. ఇనుప కడ్డీకి మర రేకులుంటాయి, నేలలోకి తిప్పి దించుతారు. చిన్నది, తేలికైనది, గడ్డికి నష్టం తక్కువ, ఇసుకలోనూ బంకమన్నులోనూ కదలదు. దించడానికి సరైన పరికరం, తెలిసిన మనిషి కావాలి, అంతే.

వేదిక నిర్వాహకులు

చర్చ బాగా నడుస్తోంది. ఒక మాట చేరుస్తున్నాం. సీజను మొత్తం ఒకేచోట బోయా వేసి పడవ నిలపాలంటే చాలాచోట్ల రేవు అధికారుల అనుమతి కావాలి, ముందే కనుక్కోండి. దీపం సంగతి: 1972 అంతర్జాతీయ సముద్ర నిబంధనల్లో 30వ నియమం ప్రకారం, 7 మీటర్ల లోపు పడవ ఇరుకు మార్గంలో గానీ, నౌకలు తిరిగే దారిలో గానీ, లంగరు స్థలంలో గానీ, వాటి దగ్గర గానీ, ఇతర పడవలు మామూలుగా తిరిగే చోట గానీ లేకపోతే లంగరు దీపం తప్పనిసరి కాదు. అంటే పక్కన ఇతరులు మామూలుగా తిరిగే చోటైతే దీపం పెట్టాల్సిందే.

ఒడ్డుపడవ

నీటిఅడుగు గారు చెప్పినట్టే ఈ ఉదయం ఆటులో కడ్డీతో పొడిచి చూశాం. మధ్య బిందువు చుట్టూ అన్ని వైపులా దాదాపు ఒకేలా ఉంది: పైన జానెడు వదులు ఇసుక, దాని కింద బూడిద రంగు గట్టి బంకమన్ను. కడ్డీ మీటరు దాకా దిగింది, లాగడానికి ఇద్దరం పట్టాల్సి వచ్చింది. బయటికి తీస్తే కొన మీద మన్ను ముద్దగా అంటుకుని ఉంది, వేలితో గీకితే తప్ప రాలేదు. ఒక్క ఉత్తరం వైపున, ఎనిమిది మీటర్ల దగ్గర, కొంచెం గడ్డి ఉంది.

మర లంగరు దించే మనుషులు నాకు అందుబాటులో లేరు. నా పడవలో మోసుకెళ్లి నేనే వేయగలిగేది కావాలి.

తెరచాప

ఈ నేల దొరకడం మీ అదృష్టం. దీనికి మూడు లంగర్ల పద్ధతి సరిగ్గా కుదురుతుంది.

మధ్య బిందువు నుంచి మూడు దిక్కులకు, ఒకదానికొకటి 120 డిగ్రీల ఎడంతో, మూడు లంగర్లు. ఒక్కోదానికి 10 మీటర్ల గొలుసు. మూడు గొలుసులూ మధ్యలో ఒక మందపాటి ఇనుప కడియానికి కలుస్తాయి. ఆ కడియం నుంచి స్వివెల్ (గొలుసు మెలిపడకుండా తిరిగే కీలు), దాని నుంచి పైకి బోయాకు ఒకే గొలుసు, బోయా దగ్గర నుంచి పడవ మొనకు తాడు.

దీనిలో మేలు ఏమిటంటే పడవ ఎటు తిరిగినా ఏ లంగరూ తిరగదు. గాలి ఎటు నుంచి వచ్చినా ఒకటో రెండో లంగర్లు తమ దిక్కులోనే లాగుడు తీసుకుంటాయి. డాన్‌ఫోర్త్‌కు ఉన్న పెద్ద లోపం, దిక్కు మారితే పెకలడం, ఇక్కడ అడ్డు రాదు. పడవ గట్టిగా లాగి మధ్య కడియాన్ని నేల నుంచి మీటరు ఎత్తుకు లేపినా, 10 మీటర్ల గొలుసు చివర కోణం 6 డిగ్రీల లోపే. అంటే పదింతల తాడు వేసినంత మంచి కోణం, తిరిగే వృత్తం మాత్రం చిన్నది.

పైకి వచ్చే గొలుసు 6 మీటర్లు, మొన తాడు 2 మీటర్లు, పడవ 5.5. మొత్తం 13.5 మీటర్లు. నీటి అంచు నుంచి 40 మీటర్లలో మధ్య బిందువు ఉంటే, ఒడ్డు వైపు గరిష్ఠంగా జరిగినా పడవ వెనుక భాగం అంచుకు 26 మీటర్ల దూరంలో ఆగుతుంది. వాలు ఒకే తీరుగా ఉంటే అక్కడ ఆటులో మీటరు నీరుంటుంది. ఇంజన్ పైకి ఎత్తి ఉంచితే సరిపోతుంది.

రేవుకాపరి

పద్ధతి మంచిదే, నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ మీటరు నీరు నాకు చాలదు. అల లోయలో అర మీటరు పోతుంది. పెద్ద ఆటులు మామూలు ఆటుకన్నా కిందికి తీస్తాయి. మధ్య బిందువును ఇంకో 15 మీటర్లు లోపలికి జరపండి. ఒడ్డుపడవ గారూ, రోజూ పడవ దగ్గరకు వెళ్లడానికి తెప్ప ఎలాగూ కావాలి, 40 మీటర్లు వెళ్లేవారు 55 వెళ్తారు.

అయితే జరిపిన చోట మళ్లీ కడ్డీతో చూడాలి, లోతు కొలవాలి. లోతు పెరిగితే పైకి వచ్చే గొలుసూ పెరగాలి, లేకపోతే పెద్ద పోటులో బోయా నీట మునుగుతుంది. ఉత్తరం వైపు గడ్డి ఉందన్నారు, ఆ కాలును (అటు వెళ్లే లంగరు గొలుసును) గడ్డి తగలకుండా పక్కకు తిప్పండి. 120 డిగ్రీలు దారం పట్టి కొలిచినట్టు ఉండనవసరం లేదు. కానీ బలమైన గాలి వచ్చే దిక్కుకు ఒక కాలు సూటిగా ఉండాలి.

ఒడ్డుపడవ

అలాగే జరుపుతాను. గొలుసు ఎంత మందం? గొలుసులను కలిపే షాకిళ్లు (పిన్నుతో మూసే ఇనుప కొక్కేలు) ఏవి?

రేవుకాపరి

కాళ్లకు 10 మిల్లీమీటర్ల జింకు పూత గొలుసు, మీటరుకు 2.2 కేజీలు. పైకి వచ్చేదానికీ అదే. బలం కోసం అంత మందం అక్కర్లేదు. అరుగుదల కోసం కావాలి. గొలుసు అన్నిచోట్లా సమానంగా అరగదు. అల వచ్చినప్పుడల్లా నేలకు తగిలి లేచే ఒకటి రెండు మీటర్లే ముందు పోతుంది. పైన చూస్తే కొత్తదిలా మెరుస్తుంటుంది, అక్కడ కడీలు ఒకదానినొకటి కోసుకుంటూ సన్నబడి ఉంటాయి. రెండు కడీలు కలిసేచోట వాటిని విడదీసి, లోపలి వంపును కొలవండి. పావు వంతు పోయిందంటే నేను మార్చేస్తాను. ఇంకా కొన్నాళ్లు లాగుతుందిలే అనుకోను.

షాకిళ్లు కూడా జింకు పూతవే. మర బిగించాక పిన్ను కన్నంలోంచి తీగ పోసి కట్టాలి. ఈ ఒక్క పని వదిలేస్తే మిగతా శ్రమంతా వృథా. అలల కుదుపుకు పిన్ను రోజుకు కొంచెం కొంచెం తిరుగుతూ ఊడిపోతుంది. సముద్రపు నీటిలో వేరువేరు లోహాలు తగిలితే ఒకటి రెండోదాన్ని తింటుంది కాబట్టి, జింకు పూత షాకిల్ మధ్యలో పెద్ద స్టెయిన్‌లెస్ స్వివెల్ పెట్టకండి. స్వివెల్ కూడా జింకు పూతదే కొనండి.

బోయా సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. 4 మీటర్ల నీటిలో అది దాదాపు 9 కేజీల గొలుసును నిత్యం మోయాలి. దానికి మూడు నాలుగింతలు తేలే శక్తి ఉన్నది తీసుకోండి.

గొలుసుకట్టు

మొన తాడు గురించి నేను చెప్తాను. గొలుసు తెగి పోయిన పడవల కన్నా మొన దగ్గర తాడు కోసుకుపోయి కొట్టుకుపోయిన పడవలే ఎక్కువ చూశాను.

తాడు మొన మీది గాడిలోంచి వచ్చే జానెడు మేరే కీలకం. పడవ ఊగిన ప్రతిసారీ అక్కడ తాడు ముందుకూ వెనక్కూ జరుగుతుంది. చాలామంది ప్లాస్టిక్ గొట్టం తొడిగి వదిలేస్తారు. పెద్ద గాలిలో నైలాన్ సాగి, ముడుచుకుని, లోపల్లోపల వేడెక్కుతుంది. గొట్టంలో నీరు తగలక ఆ వేడి పోదు, తాడు లోపలి పోగులు కరిగి అతుక్కుంటాయి. పైకి ఏమీ కనిపించదు. అందుకే నీరు ఇంకే కాన్వాసు గానీ తోలు గానీ చుట్టి కుట్టండి. ఇంకా మంచిది, గాడిలోంచి పోయే భాగం తక్కువ సాగే పాలిస్టర్ తాడు పెట్టి, బోయా వైపు నైలాన్ పెట్టడం.

బోయా వైపు కొనకు థింబుల్ (తాడు కన్నం లోపల అరగకుండా పెట్టే గాడి రింగు) పెట్టి అల్లిక వేయించండి. ముడి వేస్తే తాడు బలం బాగా తగ్గుతుంది. ఒక తాడు చాలదు, రెండు వేయండి, రెండోది కొంచెం పొడవుగా. మొదటిది తెగిన రోజున రెండోది పట్టుకుంటుంది. ఇంకొకటి, ఆ తాడు కట్టే క్లీట్ (తాడు చుట్టే కొమ్ముల బిగింపు) పడవకు ఎలా బిగించి ఉందో కింద చేయి పెట్టి చూడండి. ఫైబర్‌లోకి మామూలు స్క్రూలు దించి వదిలేసి ఉంటే ఇంత లంగరూ ఎందుకు? అడుగున గట్టి పలక వేసి బోల్టులు బిగించాలి.

కొత్తతెడ్డు

మూడు లంగర్లు నాకు ఎక్కువ. ఒడ్డున దిగి సాయంత్రం వరకు ఉండడానికైతే? లంగరు దూరంగా వేసి, కప్పీ మీదుగా తాడు మెలికలా ఒడ్డుకు తెచ్చి పడవను అటూ ఇటూ లాక్కోవచ్చంటారు, అది మంచిదేనా?

నీటిఅడుగు

రోజు పనికి చాలా మంచిది. దూరంలో లంగరు, దానికి బోయా, బోయా కింద కప్పీ. ఒడ్డున పోటు నీరు అందని చోట గుంజ. రెండిటి మధ్య మెలిక తాడు. పడవ మొనను ఆ మెలికకు కట్టి, లోతుకు లాగి వదులుతారు, కావాల్సినప్పుడు తిరిగి లాక్కుంటారు. కప్పీలో ఇసుక చేరితే బిగుసుకుపోతుంది కాబట్టి నేను నున్నటి పెద్ద కడియమే వాడతాను. తాడు నీట మునిగేదే అయి ఉండాలి. ఈతగాళ్లు, ఇతర పడవలు తిరిగే చోట ఈ ఏర్పాటు రాత్రికి వదిలి వెళ్లకండి.

ఒడ్డుపడవ

లంగర్లు మూడూ సిద్ధమయ్యాయి, గొలుసు వచ్చింది. అమర్చే వరస ఎలా? ఒక్కోటి వేసి లాగి నాటాలా, మూడూ వేశాక లాగాలా?

తెరచాప

ఒక్కోటిగా. ప్రవాహం నిలిచి ఉన్న వేళ చూసుకోండి, గాలి లేని ఉదయం మేలు. ముందు మధ్య బిందువు దగ్గర చిన్న బోయా వేసి గుర్తు పెట్టుకోండి. గాలి వచ్చే దిక్కు లంగరు మొదట దించండి. దాని గొలుసు చివర తాత్కాలికంగా 30 మీటర్ల తాడు కట్టి, మొన నుంచి, మధ్య బిందువు వైపుకు మెల్లగా రివర్స్ వేయండి. ఒడ్డు మీద ఒకదాని వెనుక ఒకటి ఉన్న రెండు గుర్తులు చూసుకోండి, ఒక చెట్టు, దాని వెనుక ఒక స్తంభం లాగా. ఇంజన్ లాగుతున్నా ఆ రెండూ ఒకే వరసలో ఉంటే లంగరు నాటుకుంది. విడిపోతుంటే జారుతోంది. తాడు మీద చేయి వేస్తే కూడా తెలుస్తుంది: జారే లంగరు తాడులో గరగరమని అదురు వస్తుంది, నాటుకున్నది బిగిసి మౌనంగా ఉంటుంది. మూడూ అలా నాటాక, గొలుసులు వదులు లేకుండా కడియానికి కలపండి. ఆ కలిపే పని ఆటులో చేయడం సులువు.

రేవుకాపరి

రెండు మాటలు చెప్పి ముగిస్తాను.

వాన. మీ పడవ పైభాగం విస్తీర్ణం సుమారు 10 చదరపు మీటర్లు. 100 మిల్లీమీటర్ల వాన పడితే 1000 లీటర్లు, అంటే టన్ను నీరు లోపల చేరుతుంది. పడవ బరువుకన్నా ఎక్కువ. లంగరు ఎంత గట్టిదైనా పడవ దాని పక్కనే మునుగుతుంది. వాలు ఉన్న కప్పు గుడ్డ, తేలుడు స్విచ్ ఉన్న పంపు, నిండుగా చార్జి ఉన్న బ్యాటరీ. ఈ మూడూ లేకుండా వదలకండి.

తుపాను హెచ్చరిక వస్తే పడవను ట్రైలర్ మీదికి ఎక్కించి ఇంటికి తీసుకెళ్లండి. ఉప్పెనకు నీటి మట్టమే పెరుగుతుంది, మనం లోతుకు వేసుకున్న గొలుసు కొలతలన్నీ తప్పుతాయి. 700 కేజీల పడవకు ఆ వెసులుబాటు ఉంది, వాడుకోండి.

ఒడ్డుపడవ

రెండూ రాసుకున్నాను. కొత్త చోటులో కడ్డీ దిగింది, ఆటులో లోతు రెండు మీటర్లకు కొంచెం పైన వచ్చింది, అందుకని పైకి వచ్చే గొలుసు 7 మీటర్లు చేస్తున్నాను. పెద్ద పోట్లు వచ్చే వారం. వేశాక మొదటిసారి ఎప్పుడు తీసి చూడాలి?

రేవుకాపరి

ఆ పెద్ద పోట్లు దాటిన వెంటనే, మొదటి మంచి ఆటులో. షాకిల్ పిన్నుల తీగలు, మధ్య కడియం ఎంత జరిగిందో, మూడు కాళ్లలో ఏదైనా వదులైందో చూడండి. వదులైతే ఆ కాలునే లాగి మళ్లీ నాటండి, మిగతా రెండూ కదపకండి. తర్వాత నెలకోసారి చాలు. మొన తాడు మాత్రం పడవ ఎక్కిన ప్రతిసారీ చూసుకోండి.

ఒడ్డుపడవ

సరే. వేసి, ఆ ఆటు చూశాక ఇక్కడే కొలతలతో రాస్తాను.